గౌను వేసుకున్న పాము

మొన్న మంగళవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరబోతూ బూట్లు వేసుకుంటుంటే ఫోను మోగింది. దోహాలోని మా తెలుగు క్రైస్తవ సహవాసం వాట్సాప్ గ్రూపులో వార్త. ఒకప్పుడు ఇక్కడ మాతో ఉండి వెళ్ళిన ఒకాయన కోనసీమలో తన ఊళ్ళో ప్రభువునందు నిద్రించారట. కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. అందరూ ఒకే బొమ్మ పెట్టారు. నేనూ పెట్టబోయి ఆగాను. ఆ వరస చూస్తే ఆయన ఏమనేవాడో నాకు తెలుసు. "ఇన్ని చేతులు ఒక్కలాగే ఉన్నాయంటే అచ్చేసినవేనండి."

పేరు రాయను. రాస్తే ఆయనకి నచ్చదు. బిస్కట్లు బస్తాల్లో పోసి అమ్మినన్నాళ్ళూ వాటికి పేరు లేదని, పేరు పెట్టాకే పేచీ మొదలైందని ఆయన సిద్ధాంతం. "పేరేశామంటే అమ్మకానికి పెట్టినట్టేనండి" అనేవాడు. ఎవరైనా పరిచయం చేసుకుంటే తన పేరు చెప్పకుండా, ఫ్రేము కట్టబోతున్నట్టు వాళ్ళ కొలత చెప్పేవాడు. మెడలో కొలత టేపు ఎప్పుడూ ఉండేది. నన్ను మొదటిసారి కలిసినప్పుడు కూడా, పైనుంచి కిందికి చూసి, ఒక కన్ను మూసి, "ముప్ఫై బై అరవై. గాజు వద్దండి, పైన మెరుపు ఎక్కువ" అన్నాడు. నా బట్టతల గురించి. అప్పటికే నేను ఆ సహవాసానికి సెక్రటరీని. ఆ సంగతి ఆయనకి తెలుసు.

దోహాలోనే మదీనత్ ఖలీఫా పేటలో ఒక ఫ్రెంచి మేడమ్ ఇంట్లో ఆయన డ్రైవరు. ఆ మేడమ్‌కి వాళ్ళ దేశపు పాత వ్యాపార ప్రకటనలంటే పిచ్చి. నూరేళ్ళ కిందట పారిస్ గోడల మీద అంటించిన పెద్ద పెద్ద రంగుల బొమ్మలు. సబ్బు, సైకిలు, బిస్కట్లు, సారా, ఏది అమ్మాలన్నా ఒక ఆడపిల్ల గౌను ఎగరేసుకుంటూ గాల్లో తేలుతూ ఉంటుంది. ఒకసారి అలాంటి బొమ్మ ఒకటి కింద పడి ఫ్రేము విరిగితే ఈయన మిగిలిపోయిన చెక్కముక్కలతో కొత్తది కట్టాడు. పడవలు చేసేవాళ్ళింట్లో పుట్టిన చెయ్యి. ఆ రోజు నుంచీ పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపడం ఒక డ్యూటీ, ఆ ఇంటి గ్యారేజీలో మేడమ్ బొమ్మలకి ఫ్రేములు కట్టడం ఇంకో డ్యూటీ అయ్యాయి.

ఆ బొమ్మల చరిత్రంతా మేడమ్ కారులో వెనక సీట్లో కూర్చుని చెప్పేదట. ఈయన అద్దంలో చూస్తూ వినేవాడు. మాకు చెప్పేటప్పటికి అది గోదావరి నీళ్ళు తాగి వచ్చేది.

"రాతి మీద గీస్తారండి. రంగుకో రాయి. పచ్చకి ఒకటి, ఎరుపుకి ఒకటి. ఒకే కాయితం అన్ని రాళ్ళ మీదా నొక్కించుకుని బయటికొస్తుంది. ఇంకేముంది, తెల్లారి లేచేసరికి ఊరంతా గౌన్లే! పనికెళ్ళేవోడు రొట్టె కొనుక్కుందామని బయల్దేరి గోడ దగ్గర ఆగిపోయేవోడంట. అప్పటిదాకా కావల్సింది కొనుక్కునేవోళ్ళండి జనం. ఆ రోజు నుంచీ చూసింది కావాలనుకోవడం మొదలెట్టారు."

"మరి బిస్కట్లు బాగా అమ్ముడుపోయాయా?" అని అడిగితే పగలబడి నవ్వేవాడు.

"బిస్కట్ల సంగతి అటుంచండి. జిగురు ఆరకముందే జనం బొమ్మలు ఊడబీక్కుని ఇంటికి పట్టుకుపోయేవోరంటండి! వీళ్ళు అమ్మజూసింది ఒకటి, వాళ్ళు ఎత్తుకుపోయింది ఇంకోటి."

మా మంగళవారపు వాక్య ధ్యానం అల్ వక్రాలో ఒక సోదరుడి ఇంట్లో జరిగేది. ఆదిలో ఏదెను తోటలో జరిగిన సంగతి ఒకనాటి పాఠం. నేను నడిపిస్తున్నాను. ఈయన వెనక గోడకి ఆనుకుని కూర్చున్నవాడల్లా చెయ్యెత్తాడు.

"సెక్రటరీ గారండి, పాము ఏం చేసిందండి?"

"శోధించింది."

"ఆయ్, శోధించింది సరే. ఎలా? కాయ కోసి చేతిలో పెట్టిందాండి? లేదు కదా. చూపించింది, అంతే. తోట నిండా పళ్ళు. ఆ తల్లి అవ్వకి ఆకలి లేదు. ఆకల్లేనోళ్ళకి ఆకలి పుట్టించిందండి. మా మేడమ్ గారి గోడ మీద ఉన్నదీ అదే పామండి. కాకపోతే గౌనేసుకుంది."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను గొంతు సవరించుకుని, "కాబట్టి అలాంటి బొమ్మలు విశ్వాసి చూడకూడదు" అని పాఠానికి ముగింపు దొరికిందని సంతోషించబోయాను.

"అయ్యో, అలాగనకండి" అన్నాడాయన. "ఎంత బాగా గీశాడండి మహానుభావుడు! ఆ చెయ్యి ఇచ్చింది ప్రభువే కదా."

ఇదీ ఆయనతో ఇబ్బంది. ఏ వైపు వాడో తేలేది కాదు. మా ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. ఒక్కొక్కరు లేచి, మునుపు నేను ఇలా ఉండేవాణ్ణి, ప్రభువు నన్ను ఇలా మార్చాడు అని పావుగంట చెబుతారు. ఆయన వంతు వచ్చినప్పుడు లేచి, టేపు సర్దుకుని, "మారానండి. పూర్తిగా కాదు. వందనాలు" అని కూర్చున్నాడు. దాని తర్వాత లేవాల్సిన సోదరుడు ఆ వారానికి తన సాక్ష్యం వాయిదా వేసుకున్నాడు.

ఆ ఏడాది మా సహవాసానికి వాగ్దానంగా ఎంచుకున్న వాక్యం తృప్తి గురించి. కలిగినవాటితో తృప్తిపడమని దాని సారాంశం. దాన్ని పెద్ద అక్షరాలతో రాయించి బోర్డు కట్టమని నేనే ఆయన్ని అడిగాను. పదిరోజుల్లో తెచ్చాడు. నున్నటి చెక్క, మూలలు కలిసినచోట గీత కనిపించలేదు. హాల్లో పెట్టగానే అందరూ ఫోటోలు తీసుకున్నారు.

ఇక్కడ వారపు సెలవు శుక్రవారం, అందుకే ఆరాధనా ఆ రోజే. హాలు మా ఒక్కరిదీ కాదు. చర్చీల ప్రాంగణంలో ఒకే హాల్లో ఒకరి తర్వాత ఒకరుగా ఎన్ని భాషలవాళ్ళో ఆరాధించుకుంటారు. మాకు ముందు మలయాళీలు, మా తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఎవరి సమయం అయిపోయాక వాళ్ళు తమ బోర్డు దింపి, మర్యాదగా ముఖం గోడవైపు తిప్పి ఒక పక్కన నిలబెట్టి వెళ్ళాలి. మా బోర్డు పెట్టడం, దింపడం ఆయన పని. మా వాగ్దానం వారంలో రెండు గంటలు మమ్మల్ని, మిగతా కాలమంతా గోడని చూస్తూ ఉండేది.

సహవాసం వార్షికోత్సవానికి ప్రసంగానికి హైదరాబాదు నుంచి ఒక దైవజనుణ్ణి పిలిపించాం. శుక్రవారం పొద్దున ఆయన్ని నేనే వెంటబెట్టుకుని హాల్లోకి తీసుకొచ్చాను. మలయాళీలు అప్పుడే బయటికి వెళుతున్నారు.

"రండి అయ్యగారూ, ముందు ఈ ఏడు దేవుడు మాకిచ్చిన వాగ్దానం చూడండి" అని చెయ్యి చాపాను.

గోడకి ఆనించిన మా బోర్డు వీపు మావైపు ఉంది. దాని మీద అంటించిన ఖాకీ కాగితం పైనుంచి కిందిదాకా ఊడి, చాపలా చుట్టుకుపోయి ఉంది. ఆ ఖాళీలోంచి ఆకుపచ్చ గౌనులో ఒక ఫ్రెంచి అమ్మాయి, ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో గ్లాసు ఎత్తి పట్టుకుని, తల వెనక్కి వాల్చి మమ్మల్ని చూసి నవ్వుతోంది.

దైవజనుడు కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"వాగ్దానం చాలా విశదంగా ఉంది సెక్రటరీ గారూ" అన్నారు.

వెనకనుంచి టేపు ఊపుకుంటూ ఆయన పరుగెత్తుకొచ్చాడు. "ఆయ్, ఆయ్, అది వీపండి! ముఖం అటుందండి!" అంటూ బోర్డు తిప్పాడు. అప్పటికే ఆలస్యం అయింది. తలుపు దగ్గర మలయాళీల సెక్రటరీ నా భుజం తట్టి, తనకొచ్చిన హిందీలో, "బ్రదర్, తీన్ వీక్ సే దేఖ్ రహా హై. హమ్ సోచా, ఆప్‌కా చర్చ్ కా ఫౌండర్ మేడమ్ హై" అన్నాడు. మూడు వారాలుగా వాళ్ళు ఆవిణ్ణి మా సంఘ స్థాపకురాలు అనుకుంటున్నారు.

ఆరాధన అయ్యాక అడిగితే ఆయన దాచలేదు. ఒక అచ్చు నకలు తడిసి పాడైతే మేడమ్ పారేసింది. వెనక అట్ట గట్టిది. వదలబుద్ధి కాక బోర్డుకి వీపుగా బిగించి, పైన మైదా జిగురుతో ఖాకీ కాగితం వేశాడు. ఊడినప్పుడల్లా గుట్టుగా మళ్ళీ అంటిస్తున్నాడట, కానీ దోహా ఉక్కకి, హాల్లో ఏసీకి మధ్య జిగురు ఓడిపోయింది.

అంతవరకూ నేను కూడా నవ్వి ఊరుకునేవాణ్ణేమో. కానీ ఆ అట్ట తీసిపారేద్దామని మర్నాడు నేనొక్కణ్ణే స్క్రూలు విప్పాను. వాక్యానికీ అట్టకీ మధ్య మడతపెట్టిన చీటీ ఉంది. ఆయన గుండ్రటి అక్షరాలతో ఒకే మాట. "ప్రభువా, ఈ సంఘానికి ఉన్నది చాలనిపించు."

అప్పటికి నెలరోజులుగా నేను కొత్త సౌండ్ సిస్టమ్ కోసం ప్రతి శుక్రవారం పుల్పిట్ మీదినుంచి ప్రకటిస్తున్నాను. పాతది బాగానే పనిచేస్తోంది. పక్క సంఘం వాళ్ళు కొత్తది కొన్నారు, అదీ అసలు సంగతి. రంగుల కరపత్రం కూడా నేనే తయారుచేశాను. అందులో రెండు నల్లటి స్పీకర్లు, మధ్యలో మైకు పట్టుకుని పాడుతున్న నవ్వుమొహం అమ్మాయి. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన, "భలే ఉందండి. గౌనొక్కటే తక్కువ" అన్నాడు. ఆ మాట నాలో ముల్లులా ఉంది. చీటీ దాన్ని లోపలికి నెట్టింది.

కమిటీలో నేనే తీర్మానం పెట్టాను. ఆరాధనా స్థలానికి తగని చిత్రం తెచ్చినందుకు మూడు నెలలు ఆయన్ని బల్ల నుంచి ఆపాలని. మా దగ్గర నెలలో మొదటి శుక్రవారం ప్రభువు బల్ల. ఆ రోజు రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోకపోవడం విశ్వాసికి చిన్న సంగతి కాదు. తీర్మానంలో బొమ్మ గురించి రాశాను. చీటీని జేబులో పెట్టుకున్నాను. నేను ఆయన్ని శిక్షించింది దాని కోసమేనని ఈ రోజు వరకూ ఎవరితోనూ అనలేదు.

కబురు చెప్పినప్పుడు ఆయన టేపుని చూపుడువేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

"మూడు బల్లలాండి?"

"తీర్మానం అయిపోయింది బ్రదర్."

"ఆయ్. నాదే తప్పండి. జిగురు పల్చగా కలిపాను."

మొదటి శుక్రవారం వస్తే మానేస్తాడనుకున్నాను. మానలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. రొట్టె పళ్ళెం తన దాకా వస్తే, పసిబిడ్డని అందుకున్నట్టు రెండు చేతులా అందుకుని, ఒక క్షణం చూసి, పక్కవాడికి అందించాడు. రెండో నెలా అంతే. బయటికొచ్చేటప్పుడు నాకు చెయ్యి కలిపి, "పళ్ళెం దాటిపోతుంటే ఆకలేసిందండి. ఇది మాత్రం ఎవరూ బొమ్మ గీసి పుట్టించింది కాదు" అన్నాడు. మామూలుగానే నవ్వుతున్నాడు. నేను కారు తాళాల కోసం వెతుక్కున్నాను.

ఆ రోజుల్లోనే ఐన్ ఖాలిద్‌లో మా ఇంటికి ఒక పోస్టరు వచ్చింది. మా ఆవిడ మాల్‌లో డిస్కౌంటు చూసి కొంది. అదీ పాత ఫ్రెంచి ప్రకటనకి నకలే. పసుపు గౌను పిల్ల కోకో కప్పు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. మా ఇంట్లో ఎవరూ కోకో తాగరు. ఫ్రేము కట్టడానికి ఆవిడ ఆయన్నే పిలిచింది. నాకు చెప్పకుండానే.

ఆయన వచ్చి హాల్లో నిలబడి నలువైపులా తిరిగాడు. టీవీ, దాని పక్కన పెట్టె విప్పని ఇంకో టీవీ, బట్టలు ఆరేసుకునే ట్రెడ్‌మిల్లు, రెండు ఎయిర్ ఫ్రయర్లు.

"సిస్టర్ గారండి, బొమ్మ ఉంది, ఫ్రేముంది. గోడేదండి?"

మా ఆవిడ పకపకా నవ్వింది. "మీ సెక్రటరీ గారినే అడగండన్నయ్యా. రోజుకో పెట్టె దింపుతారు."

"ఇన్ని కావాలని ఎవరు చెప్పారండి సెక్రటరీ గారూ?"

"ఆఫర్ వచ్చింది" అన్నాను. "ఫోన్లో."

"ఓహో. మా మేడమ్ గారి బొమ్మల్లో ఆడపిల్లలు గోడెక్కి నిలబడి పిలిచేవోరండి. తల దించుకుని పోతే తప్పించుకోవచ్చు. ఇప్పుడు జేబులో కూర్చుని పిలుస్తున్నారు. పాపం మీరు మాత్రం ఎటు పోతారు!"

ట్రెడ్‌మిల్లు మీది బట్టలు మడతపెట్టి, దాన్ని జరిపి, ఆ వెనక గోడ ఖాళీ చేశాడు. ఫ్రేము బిగించేటప్పుడు మాత్రం నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను తొంగిచూస్తే, "అటు తిరగండి. వృత్తి రహస్యమండి" అన్నాడు. ఏం చేస్తున్నాడో నాకు తెలుసు. ఇంకో చీటీ, అదే వెటకారం. కోపం వచ్చి, నిజంగానే అటు తిరిగాను. గోడకి తగిలించి, నాలుగడుగులు వెనక్కేసి, ఒక కన్ను మూసి, "నవ్వు కుడివైపుకి కాస్త వాలింది" అని సరిచేశాడు. టీ ఇస్తే తాగాడు. వెళ్ళేటప్పుడు మా ఆవిడ నా ముందే అడిగింది. "ఏవండీ, అన్నయ్య బల్ల సంగతి తేల్చరాదూ?" నేను ఇంకా ఒక నెల ఉందన్నాను.

మూడో బల్ల కూడా ఆయన చేతుల మీదుగా దాటిపోయింది. నాలుగో నెల మొదటి శుక్రవారంతో శిక్ష తీరుతుంది. అంతలో మేడమ్ భర్త ఉద్యోగం ముగిసి వాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. వాళ్ళతోపాటే ఈయన వీసా కూడా అయిపోయింది. టికెట్టు గురువారానికి పడింది. బుధవారం మధ్యాహ్నం ఫోను చేశాడు.

"ఎల్లుండి బల్ల కదండి సెక్రటరీ గారూ. నా విమానం రేపండి. ఒక్క రోజు తేడా పడింది."

పాస్టరు గారిని తీసుకుని ఆయన ఉన్నచోటికి వెళ్ళి బల్ల ఇవ్వచ్చు. మంచం పట్టినవాళ్ళకి అలా ఇస్తూనే ఉంటాం. నాకు ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. వచ్చాక, "మళ్ళీ వస్తారు కదా బ్రదర్, అప్పుడు చూద్దాం" అన్నాను.

"ఆయ్. అలాగేనండి" అన్నాడు.

ఊళ్ళో వాళ్ళ సంఘంలో బల్ల తీసుకున్నాడో లేదో నాకు తెలియదు. శిక్ష తీరిందని సెక్రటరీ ఉత్తరం లేకుండా ఆయన చెయ్యి చాపే మనిషి కాదు. నేను ఉత్తరం రాయలేదు. ఆయన అడగలేదు. రెండేళ్ళు గడిచాయి.

వార్త వచ్చిన ఆ మంగళవారం నేను ఆఫీసుకి వెళ్ళలేదు. బూట్లు విప్పేసి, కోకో పిల్లని గోడమీదినుంచి దించి, సోఫా మీద బోర్లా పడుకోబెట్టి, స్క్రూలు విప్పాను. మా ఆవిడ పక్కనే నిలబడింది. ఈసారి జిగురు చిక్కగా కలిపాడు. ఖాకీ కాగితాన్ని కత్తితో కోయాల్సివచ్చింది.

చీటీ ఉంది. అవే గుండ్రటి అక్షరాలు.

"ప్రభువా, ఈ ఇంటివారికి ఉన్నది చాలనిపించు."

దాని కింద ఇంకో వరస. తర్వాత గుర్తొచ్చి రాసినట్టు కాస్త చిన్నగా.

"సెక్రటరీ గారికి నామీద కోపం కూడా చాలనిపించు. అదీ చాలా ఎక్కువే కొని పెట్టుకున్నారు."

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. పెట్టె విప్పని టీవీ మీద కూర్చుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అది నవ్వేనా అని ఎవరైనా అడిగితే చెప్పలేను.

చాలాసేపటికి లేచి పెన్ను తెచ్చుకున్నాను. సంఘం ఉత్తరాలు రాసే నల్ల పెన్ను. ఆయన రెండో వరస కింద "చాలు" అని రాశాను. పక్కన తేదీ వేసి, సెక్రటరీగా పూర్తి సంతకం పెట్టాను. చీటీని మడిచి, ఉన్నచోటే పెట్టి, వెనక అట్ట బిగించాను.

"అదేంటి, మళ్ళీ లోపలే పెట్టేశారు?" అంది మా ఆవిడ. "అక్కడ ఎవరు చదువుతారు?"

"ఎవరికి రాశాడో ఆయనే" అన్నాను.

కోకో పిల్ల మళ్ళీ గోడెక్కింది. నాలుగడుగులు వెనక్కేసి, ఒక కన్ను మూసి చూశాను. నవ్వు కుడివైపుకి కాస్త వాలింది. ఎన్నిసార్లు సర్దినా నాకు తిన్నగా రాలేదు. వదిలేశాను.